కాగితంలో లేని పేరు

ఆ ఆదివారం హార్డెస్టీ దొర కుటుంబమంతా బగ్గీ ఎక్కి చర్చికి వెళ్ళింది. దుమ్ము అణిగాక ఎఫ్రాయిం పట్టపగలే గేటు తీసుకుని బయటికి నడిచాడు.

అతనికి ముప్పై ఏళ్ళు. జనుము కట్టెల నుంచి నార తీయడంలో అంత వాటమైన చెయ్యి అమెరికాలోని కెంటకీ మొత్తంలో లేదని హార్డెస్టీయే నలుగురిలో గొప్పలు పోయేవాడు, తన గుర్రం గురించి చెప్పుకున్నట్టు. బానిసత్వం గురించి ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలై అప్పటికి మూడేళ్ళు దాటింది. ఉత్తరాది సైన్యం నల్లవాళ్ళని కూడా చేర్చుకుంటోంది. పేరు రాయించుకున్నవాడు ఆ నిమిషం నుంచి బానిస కాడు. పెళ్ళాం బిడ్డలు మాత్రం దొర సొత్తే.

ఆ లంకెను హార్డెస్టీ బాగా పట్టుకున్నాడు. "ఎవడైనా సైన్యంలోకి పోయాడో, వాడి పెళ్ళాం చేత వాడి పని చేయిస్తా" అని అందరినీ నిలబెట్టి మరీ చెప్పాడు.

అందుకే ఎఫ్రాయిం వెనకాడాడు. అతన్ని కదిలించింది భార్య మలిండాయే.

"ఇక్కడుండి నువ్వు నాకేం కాపలా కాస్తున్నావయ్యా?" అందామె. "రేపు డెల్ఫీని అమ్మేస్తానని బండెక్కిస్తే అడ్డం పడగలవా? పో. తుపాకి పట్టుకుని రా."

డెల్ఫీ వాళ్ళ కూతురు. ఏడేళ్ళది.

పక్క పొలంలో పనిచేసే పెరీ దారిలో కలిశాడు. ఇద్దరూ రెండు రోజులు నడిచి దండుకు చేరారు. డాక్టరు చొక్కా విప్పమన్నాడు. ఎఫ్రాయిం వీపు మీది కొరడా గుర్తులను వేలితో తడిమి చూశాడు.

"వీటివల్ల ఏమైనా ఇబ్బందా?"

"తుపాకి భుజానికి కదండీ ఆనించేది" అన్నాడు ఎఫ్రాయిం.

మొదట్లో వాళ్ళ చేతికి తుపాకులు రాలేదు, పారలొచ్చాయి. కందకాలు తవ్వారు, మొద్దులు మోశారు. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి మీరు గుర్రపుదళం అన్నారు. ఇచ్చినవి మాలిమి కాని గుర్రాలు, గుర్రం మీద కూర్చుని మందు దట్టించడానికి వీలుపడని పొడుగు తుపాకులు. వాటితోనే వర్జీనియా కొండల్లోకి తీసుకెళ్ళారు. అక్కడ దక్షిణాది సైన్యానికి ఉప్పు వండి పంపే ఉప్పునీటి బావులున్నాయి, వాటిని పాడు చేయాలి.

దారి పొడుగునా తమ పక్షపు తెల్ల సిపాయిలే ఏడిపించారు. టోపీలు లాగి బురదలో పడేశారు.

"మొదటి గుండు పేలనీ, వీళ్ళ గుర్రాల తోకలు తప్ప ఇంకేం కనపడవు" అన్నాడొకడు.

పెరీ టోపీ తీసుకుని దులుపుకున్నాడు. "తోకలు చూడాలంటే మా వెనకే ఉండాలి కదయ్యా!" అన్నాడు. చుట్టూ ఉన్న నల్ల సిపాయిలు ఘొల్లున నవ్వారు.

ఉప్పు బావుల దగ్గర గుర్రాలు దిగి, నిటారుగా ఉన్న కొండ మీదికి ఎగబాకారు. శత్రువులు మూడుసార్లు వెనక్కి నెడితే మూడుసార్లూ మళ్ళీ ఎక్కారు. చివరికి పైనున్న కందకం పట్టుకున్నారు. పొద్దు వాలేసరికి తూటాలు అయిపోయాయి, వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఎఫ్రాయిం ఎడమచేతి వేళ్ళు రెండు ఆ కందకంలోనే పోయాయి. పెరీకి రెండు కాళ్ళలోనూ గుళ్ళు దిగాయి. మోసుకెళ్ళడానికి బళ్ళు లేవు.

"నన్ను లాక్కెళితే ఇద్దరం పోతాం" అన్నాడు పెరీ. "చేతనైతే తర్వాత వచ్చి తీసుకెళ్ళు."

ఎఫ్రాయిం మళ్ళీ అతని దగ్గరికి వెళ్ళలేకపోయాడు. మర్నాడు శత్రువులు గాయపడ్డ నల్ల సిపాయిలని పడుకున్నచోటే కాల్చి చంపారని, తప్పించుకొచ్చిన ఒకతను చెప్పాడు. తిరుగు దారిలో ఎవరూ టోపీలు లాగలేదు. తోకల మాట అన్నవాడే ఎఫ్రాయిం గుర్రం పక్కకి వచ్చి నీళ్ళ సీసా చాపాడు. ఎఫ్రాయిం దాన్ని చూసి, "పెరీ దగ్గర అన్నావుగా ఆ మాట, వాడికే ఇవ్వు" అని గుర్రాన్ని ముందుకు తోలాడు.

ఆ చలికాలం కబురు తెలిసింది. హార్డెస్టీ అన్నంత పనీ చేశాడు. మంచులో మలిండా చేత నార తీయిస్తున్నాడు. ఎఫ్రాయిం రోజులు లెక్కపెట్టాడు. మార్చిలో దండు పాదిరీగారు కొత్త చట్టం చదివి వినిపించారు. సైనికుల భార్యాబిడ్డలు ఇక స్వతంత్రులు. పెళ్ళికి కాగితం అక్కర్లేదు, ఆలుమగలుగా కాపురం చేశారని తెలిస్తే చాలు. ఎఫ్రాయింకి చదువు రాదు. పాదిరీగారి చేత నాలుగుసార్లు చదివించుకుని పొల్లుపోకుండా కంఠతా పట్టాడు. కెప్టెన్ సెలవిచ్చి, మలిండా పేరూ డెల్ఫీ పేరూ వేసి ఒక కాగితం రాసిచ్చాడు.

ఏప్రిల్ మొదటి వారంలో, మధ్యాహ్నం వేళ, సైన్యం ఇచ్చిన నీలం కోటు గుండీలన్నీ పెట్టుకుని అతను ఆ గేటులోంచే గుర్రం మీద లోపలికి వచ్చాడు. చేలో పనివాళ్ళు నిలబడిపోయారు. హార్డెస్టీ వరండాలోకి వచ్చాడు, చేతిలో వేట తుపాకి.

"దిగరా ముందు. దొర ముందు గుర్రం మీద కూర్చుంటావా?"

"దొర ఎక్కడున్నాడు, హార్డెస్టీ గారూ? నా భార్యాబిడ్డల కోసం వచ్చాను."

ముప్పై ఏళ్ళలో ఆ పొలంలో హార్డెస్టీని ఏ బానిసా దొర అనకుండా పేరు పెట్టి పిలవలేదు. మొహం జేవురించింది.

"భార్యేంట్రా? బానిసలు జంటగా చీపురు మీంచి దూకితే అదే పెళ్ళా? కాగితమేది?"

ఎఫ్రాయిం చట్టం మొత్తం అప్పజెప్పాడు. చివరి మాట అయ్యేసరికి చేలోంచి వైనీ అత్త వచ్చి నిలబడింది. డెబ్భై ఏళ్ళది, చుట్టం కాకపోయినా అందరూ అత్త అనే మనిషి, దొరను ఎత్తుకు పెంచింది.

"ఆ చీపురు పట్టుకున్నది నేనే బాబూ" అంది. "మీ అమ్మగారు కేకు కూడా పంపారు. నువ్వే రెండు ముక్కలు తిన్నావు."

చేలో ఎవరో కిసుక్కున నవ్వారు. హార్డెస్టీ తుపాకి ఎత్తి ఎఫ్రాయిం గుండెకి గురిపెట్టాడు.

ఎఫ్రాయిం గుర్రాన్ని కదలనివ్వలేదు. "కాల్చండి. ఉప్పు బావుల దగ్గర మీకంటే గురి ఉన్నవాళ్ళు రోజంతా కాల్చారు. రెండు వేళ్ళు పోయాయంతే. మీరు కాలిస్తే మాత్రం రేపీపాటికి ఈ గేటు ముందు నా దళమంతా ఉంటుంది."

తుపాకి అలాగే ఉంది. ఈలోగా మలిండా డెల్ఫీ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె చేతులు నారతో కోసుకుపోయి ఉన్నాయి.

"నీ కాళ్ళకున్న ఆ బూట్లు నావి" అని అరిచాడు హార్డెస్టీ, ఇంకేం అనాలో తోచక.

మలిండా వంగి నెమ్మదిగా బూట్లు విప్పింది. ఒకటి తర్వాత ఒకటి వరండాలోకి విసిరింది. రెండోది అతని మోకాలికి తగిలింది. డెల్ఫీని జీను మీదికి అందించి, తను బురదలో ఒట్టికాళ్ళతో నడక మొదలుపెట్టింది. హార్డెస్టీ తుపాకి దించేశాడు.

గేటు దగ్గర ఎఫ్రాయిం వెనక్కి తిరిగి చూశాడు. వైనీ అత్త పార కింద పడేసి వస్తోంది.

"నువ్వెక్కడికే ముసలీ? కాగితంలో నీ పేరు లేదు!" హార్డెస్టీ గొంతు చించుకున్నాడు.

"నా పేరు ఎప్పుడు ఉందయ్యా కాగితంలో? నన్ను కొన్నప్పుడు తప్ప!" అంటూనే ఆమె నడుస్తోంది.

ఎఫ్రాయిం గుర్రం దిగి ఆమెను డెల్ఫీ వెనక ఎక్కించాడు. సాయంత్రం వంతెన దగ్గర కాపలావాడు కాగితం చదివి, ముసలామె ఎవరని అడిగాడు.

"మా అమ్మ" అన్నాడు ఎఫ్రాయిం.

"ఇందులో తల్లి గురించి లేదే."

"రాసినాయన మర్చిపోయాడు. నువ్వు రాసుకో."

కాపలావాడు ఎఫ్రాయిం మొహం కేసి, భుజాన ఉన్న తుపాకి కేసి చూసి, దారికి అడ్డంగా ఉన్న కర్ర పైకెత్తాడు. వైనీ అత్త దాని కిందనుంచి వెళుతూ తల కూడా వంచలేదు.