ఆమె పేరున ఉన్న భయం

భర్త నిద్ర లేచేలోగా ఇంట్లో ఒక్క సాలీడు కూడా లేకుండా చూడటం ఆమె రోజులో మొదటి పని. పొయ్యి వెలిగించడం, ఆఖరికి మొహం కడుక్కోవడం కూడా దాని తర్వాతే. బూజుకర్ర పట్టుకుని, ఒట్టి కాళ్ళతో, పరాయి ఇంట్లో జొరబడ్డ దొంగలా గదిగదీ తిరుగుతుంది. స్నానాలగది పైకప్పు మూల సన్నకాళ్ళవి ఉంటాయి. తాకితే చాలు, ఉన్నచోటే గిరగిరా ఊగిపోతాయి. కిటికీ చట్రం మీద గెంతే బుల్లివి ఉంటాయి. వేలు దగ్గరికి తెస్తే పారిపోకుండా తిరిగి చూస్తాయి. బీరువా వెనక గోధుమరంగు పెద్దది ఒకటి, పొట్టకింద తెల్లబిళ్ళ లాంటి గుడ్లసంచిని మోసుకుంటూ తిరుగుతుంది. వేటినీ చంపదు. బతికుండగానే పెరటి గోడ మీదికి పంపేస్తుంది. ఆ తర్వాత అతని బూట్లు దులిపి, తువ్వాలు విదిలించి, కర్టెన్ల మడతలు ఒక్కొక్కటే విప్పి చూస్తుంది. అన్నీ అయ్యాక బూజుకర్రని తలుపు వెనక పెట్టి, పాలు పొయ్యి మీద పెడుతుంది. అతను ఆవలిస్తూ గదిలోంచి వచ్చేసరికి ఆ ఇంట్లో సాలీళ్ళనేవి ఎన్నడూ పుట్టనే లేదన్నట్టు ఉంటుంది.

"మా ఆవిడకి సాలీడంటే ప్రాణభయం అండీ," అంటాడతను నలుగురు కలిసిన ప్రతిచోటా. "గోరంత సాలీడు కనబడినా మంచమెక్కి నిలబడుతుంది. నేను ఆఫీసులో ఉన్నా సరే, పరిగెత్తుకు రావాల్సిందే!"

అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. మంచమెక్కేది అతను.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం, అద్దెకి దిగిన మొదటి ఇంట్లో, స్విచ్చిబోర్డు పక్కన సాలీడు కనబడి అతను పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. ఎవరితోనైనా మాటకి మాట అనేసే మనిషి, బ్యాంకులో పై అధికారుల మీదే ఒంటికాలి మీద లేచే మనిషి, కుర్చీ ఎక్కి ఆమె భుజం పట్టుకుని గడగడలాడిపోయాడు. ఆమె చీపురుతో దాన్ని బయటికి తోలి, తిరిగొచ్చి, అతని తల తన పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిమిరింది. వాళ్ళ కాపురంలో అంత దగ్గరగా ఉన్న సాయంత్రాలు తర్వాత ఎక్కువ రాలేదు. అతను ఎవరికీ చూపించనిది తనకొక్కదానికే చూపించాడనుకుని ఆమె పొంగిపోయింది. ఇంతలో పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు, ఏమైంది, ఏమైందంటూ. అతను జుట్టు సర్దుకుని తలుపు తీశాడు.

"ఏం లేదండీ, మా ఆవిడ. సాలీడుని చూసి కేక పెట్టింది."

పక్కింటివాళ్ళు ఆమె వైపు చూశారు. ఆమె తల ఊపింది.

ఆ తల ఊపడమే ఇంతయింది. వాళ్ళతోనే ఉండే అత్తగారికి ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. ఆ వారంలోనే ఆమెని వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనమ్మాయ్. మగపిల్లాడు, బయటికి తెలిస్తే బాగుండదు. నా చేతిలో ఉన్నన్నాళ్ళూ వాడి కంటపడకుండా నేను చూసుకున్నాను. ఇక నువ్వు చూసుకో," అంది. ఆ అప్పగింతలో ఏదో గౌరవం ఉన్నట్టే అనిపించింది అప్పుడు.

ఒకరి భయాన్ని దాచడం కష్టం కాదు. దాన్ని తనదిగా చూపించడమే కష్టం. ఆమె నీళ్ళ పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఊరికి వచ్చే తాగునీళ్ళు మంచివో కావో తేల్చే చోటు అది. ఒక ఏడాది ల్యాబువాళ్ళ విందుకి అతను కూడా వచ్చి, అలవాటు ప్రకారం సాలీడు కథ చెప్పి అందరినీ నవ్వించాడు. తర్వాత కొన్నాళ్ళకి ఎవరో ఆమె సొరుగులో ప్లాస్టిక్ సాలీడు పెట్టారు. సొరుగు లాగింది. నల్లగా, నిగనిగలాడుతూ, కాళ్ళ మీద కనీసం నూగైనా లేని బొమ్మ. చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఒక్క క్షణం ఆమెకేమీ తోచలేదు. తను అరవకపోతే అతని మాట అబద్ధమవుతుంది. అరిచింది. గొంతు తనది కానట్టు, కాస్త ఆలస్యంగా, పైస్థాయిలో అరిచింది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అద్దంలో మొహం చూసుకుంటే సిగ్గేసింది. ఏడుపు కూడా రాలేదు. దీన్ని ఎవరితో చెప్పుకుంటుంది? స్నేహితురాలికి చెబితే భర్త పరువు పోతుంది. అమ్మకి చెబితే, "పోనీలేవే, తాగొచ్చి కొట్టే మొగుడు కాదుగా," అంటుంది. ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక్క రహస్యం ఆమెది కాదు. అందుకే అది ఎవరినీ ఆమెకి దగ్గర చేయలేదు.

ఈమధ్య ల్యాబులో ఒక ఖాళీ వచ్చింది. చెరువులకీ, పంపుహౌసులకీ, ట్యాంకులకీ తిరిగి నీళ్ళ నమూనాలు తెచ్చే బృందానికి పెద్దగా ఉండే పని. ఆమెకి అది కావాలి. కిటికీ లేని గదిలో, అందరికన్నా సీనియర్ అయి ఉండీ సీసాలు కడిగేది ఆమే. ఎవరికో వీడ్కోలంటే టీకప్పులు సర్దేదీ ఆమే. "మీరైతే చక్కగా చేస్తారు మేడం" అన్న మాటతోనే అన్నీ ఆమె మీద పడతాయి. ఒకసారి ఎవరో రాకపోతే ఆమెని పెద్ద చెరువు దగ్గరికి పంపారు. నీటి మీదినుంచి గాలి వచ్చి మొహానికి తగిలింది. చాలాసేపు తను ఎవరికీ ఏమీ కాకుండా ఉండిపోయింది. ఆ గాలి కోసమే ఆ పని కావాలనుకుంది.

భర్తకి చెప్పింది.

"తెల్లారకుండానే వెళ్ళిపోవాలేమో?"

"అవునండీ, కొన్ని రోజులు."

"ఊఁ. చూద్దాం," అని టీవీ వైపు తిరిగాడు.

జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. ఆ మధ్యే చేరిన కుర్రాడి పేరు ఉంది, ఇంకా బర్నరు సరిగా వెలిగించడం రానివాడు. ల్యాబు పెద్దసారు ఆమెని పిలిచి కూర్చోబెట్టారు. మంచిమనిషి. గొంతులో నిజంగానే జాలి ఉంది.

"ఏమీ అనుకోకండమ్మా. మీ పేరే రాశాను ముందు. తర్వాత నేనే తీసేశాను. ఆ పంపుహౌసుల్లో ఎక్కడ చూసినా సాలెగూళ్ళే కదా. మీవారు మొన్న ఫోన్ చేసి మరీ చెప్పారు."

"ఫోన్ చేశారా?"

"చేశారు. మీరు మొహమాటానికి ఒప్పుకుంటారు గానీ అక్కడ కళ్ళు తిరిగి పడిపోతే కష్టమని. మీరంటే ఎంత శ్రద్ధో!"

ఆమె లేచి వచ్చేసింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు తిని లేచేదాకా ఆగి, అడిగింది.

"మా సారుకి ఫోన్ చేశారా?"

అతను ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "నీ మంచికే కదా. ఎండలో, దుమ్ములో తిరగడం తప్పింది."

"నాకు సాలీళ్ళంటే భయమని చెప్పారు."

"ఎప్పుడూ చెప్పేదేగా. కొత్తగా చెప్పానా?"

"అప్పుడు మీ పరువు కోసం చెప్పారు. ఇప్పుడు నా ఉద్యోగం పోగొట్టడానికి చెప్పారు."

"ఉద్యోగం ఎక్కడికి పోయింది? ఉన్నది ఉంది కదా!" గొంతు పెరిగింది. అంతలోనే అత్తగారి గది వైపు చూసి తగ్గించాడు. "తెల్లారేసరికి నువ్వు ఇంట్లో లేకపోతే... మరి పొద్దున్నే... ఎవరు చూస్తారు?"

'ఏమిటి చూసేది' అని ఆమె అడగలేదు. అతనూ ఆ మాట నోట అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అతను దాన్ని 'అది' అనే అన్నాడు. 'అది ఉంది, రా.' 'అది పోయిందా?' ఎదురుగా కూర్చున్న మనిషి మీద జాలి కలుగుతుందేమోనని ఆమె ఎదురుచూసింది. ఎప్పుడూ కలిగేది. ఆ పూట రాలేదు. ప్లేట్లు తీసి, బల్ల తుడిచింది.

మర్నాడు పొద్దున బూజుకర్ర పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ అప్పటికే లేచి మంచం మీద కూర్చుని ఉంది. ఆమె మూలలు దులుపుతుంటే చూస్తూ, "రాత్రి మాటలు వినబడ్డాయిలే," అంది.

ఆమె కిటికీ పైమూలకి కర్ర జాపింది.

"మీ మామగారికి పిల్లులంటే పడేది కాదు. పడకపోవడమంటే, భయం. వీధిలో పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగి చుట్టూ తిరిగి వచ్చేవారు. ఊళ్ళో మాత్రం 'మా ఇంటిదానికి పిల్లంటే భయం' అని చెప్పేవారు. అందరూ నన్ను చూసి మ్యావ్‌మని వెక్కిరించేవాళ్ళు. ఆఖరికి నా చెల్లెలి పిల్లలు కూడా." ఆవిడ దుప్పటి అంచుని వేళ్ళతో మడిచింది. మళ్ళీ విప్పింది. "నాకు పిల్లిని పెంచుకోవాలని ఉండేదే అమ్మాయ్. బూడిదరంగుది. పక్కన పడుకోబెట్టుకోవాలని."

"ఆయన పోయాక పెంచుకోవాల్సింది కదా అత్తయ్యా."

"ఎలా పెంచుకుంటాను? నాకు పిల్లులంటే భయమని అందరికీ తెలుసుగా."

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. ఆవిడ నవ్వడం లేదు. కర్ర గోడకి ఆనించి, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు, ఒకే పని చేతులు మార్చుకుని చేసిన ఇద్దరు మనుషులు అలా పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ రోజు ల్యాబుకి వెళ్ళగానే తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు సాలీళ్ళంటే భయం లేదు సార్. మా ఇంట్లో రోజూ వాటిని బయటికి పంపేది నేనే. ఆ భయం మావారిది."

అనేశాక చెవులు వేడెక్కాయి. ఎవరిదో వస్తువు దొంగిలించి బజార్లో పెట్టినట్టు అనిపించింది. ఆయన ఇబ్బందిగా బల్ల మీది కాగితాలు సర్దారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మరి ఆ రోజు ఆ ప్లాస్టిక్‌దాన్ని చూసి అంత కేక పెట్టారు..."

"పెట్టాల్సొచ్చింది సార్."

ఆయన ఆమెని ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు చూశారు. ఆ తర్వాత తలుపు వైపు చూసి, నెమ్మదిగా అన్నారు. "ఆ కొత్తతను పొద్దున్నే లేవలేనని అప్పుడే మొత్తుకుంటున్నాడు. సోమవారం నుంచి మీరు వెళ్ళండి. మీవారి సంగతి నేను విననట్టే."

సోమవారం చీకటితోనే లేచింది. బూజుకర్ర ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండటానికి చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సంచీ రెండుసార్లు సర్దుకుంది. అతను అటు తిరిగి పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడని ఊపిరి చెబుతోంది. 'వెళ్ళొస్తానండీ' అంది. అతను దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. వీధిలోకి వచ్చాక, ఇంత పొద్దున్నే తన కోసం నడుస్తున్నానన్న సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. వెనక ఒక ఇంటిని, ఒక మనిషిని కాపలా లేకుండా వదిలేసి వచ్చినట్టే ఉంది. బృందం జీపు ఎక్కాక కూడా వెనక్కి తిరిగి వీధి వైపే చూసింది.

పంపుహౌసులో పైకప్పునిండా గూళ్ళే. మోటారు చప్పుడుకి సన్నగా వణుకుతున్నాయి. తోటివాళ్ళు బయట ట్యాంకు దగ్గర ఉన్నారు. ఆమె ఒక్కతే క్రిములు పోయేలా కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్ళు వదిలి, సీసా పట్టుకుంది. అది నిండుతుండగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు?" అతను గుసగుసగా మాట్లాడుతున్నాడు, ఎవరో వింటారన్నట్టు.

"పంపుహౌసులో."

"బాత్రూం తలుపు మీద ఉంది. పెద్దది. నేను లోపల ఉన్నాను."

"అత్తయ్యని పిలవండి."

"పిలిచాను. రానంటోంది. 'నువ్వే చూసుకో నాన్నా, నేనెన్నాళ్ళని' అంటోంది."

ఆమె కుళాయి కట్టేసింది. సీసాకి మూత బిగించింది. అవతల అతని ఊపిరి వినబడుతోంది, పొట్టిపొట్టిగా, పరిగెత్తి వచ్చిన పిల్లవాడిదిలా.

"నాకు భయంగా ఉంది," అన్నాడు అతను.

ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి. అది విన్నాక కోపం, గెలుపు, ఏదో ఒకటి కలగాలి. ఏదీ కలగలేదు. మొదటి ఇంట్లో, స్విచ్చిబోర్డు కింద, చీపురు పట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్ళకి కట్టింది. ఆ పిల్ల వైపు ఆ రోజు ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు.

"స్టూలు మీద మగ్గు ఉంది కదా, అది తీసుకోండి," అంది ఆమె. "నెమ్మదిగా దాని మీద బోర్లించండి. తొందరపడకండి, అది మీ మీదికి రాదు. సబ్బుపెట్టె అట్ట ఉంటుంది, దాన్ని మగ్గుకీ తలుపుకీ మధ్యకి జరపండి. కిటికీలోంచి వదిలేయండి."

"నా వల్ల కాదు. చేతులు వణుకుతున్నాయి."

"వణుకుతాయి," అంది ఆమె. "నాకూ వణికాయి. మొదట్లో నాకూ వాటిని చూస్తే చచ్చేంత భయమేసేది. మీరు అడగలేదు."