నీలవేణి పేరు మోసిన సూది

నేను ఒక సూదిని. బట్టలు కుట్టే సూదిని కాను, కాగితాలు గుచ్చే గుండుసూదిని అంతకన్నా కాను. చచ్చిన పురుగును గుచ్చి, బతికున్నట్టు నిలబెట్టే సూదిని. చిటికెన వేలికంటే కాస్త పొట్టిగా, సన్నగా, నల్లటి పూతతో ఉంటాను. నన్ను చూడటానికి ఎవరూ రారు. నా మీద ఉన్నదాన్ని చూడటానికి వస్తారు. అందుకు నాకేమీ చిన్నతనం లేదు, మోయడమే నా పని.

ఎక్కడో చలిదేశపు కర్మాగారంలో ఉక్కు తీగను లాగి, తునకలు చేసి, ఒక కొనను సానపట్టి, రెండో కొనకు చిన్న తల అతికించారు. తోబుట్టువులందరితో కలిసి కాగితపు పొట్లంలో సముద్రం దాటి, విశాఖపట్నంలోని ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి వచ్చాను. అక్కడి ఉప్పుగాలికి పాత ఇత్తడి సూదులు పచ్చగా చిలుమెక్కి, మోస్తున్న పురుగులనే పగలగొట్టేవట. అందుకని పట్టుబట్టి మమ్మల్ని తెప్పించిన మనిషి కిల్లాన జగన్నాథం మాస్టారు. విజయనగరం వైపు మనిషి. కాలేజీలో అందరూ ఆయన్ని మిడతల మాస్టారు అనేవారు. ఆయన వినేలా కాదులెండి.

మామూలు మనుషులకు పచ్చగా ఉండి గెంతేదల్లా మిడతే, చీకట్లో అరిచేదల్లా ఇలకోడే. మాస్టారికి అలా కాదు. మీసం పొట్టిగా ఉంటే మిడత, ఒంటికంటే పొడుగ్గా ఉంటే వేరే వంశం. మిడతకు చెవి పొట్ట పక్కన ఉంటుంది, ఇలకోడికి ముందుకాలి మీద ఉంటుంది. ఎండుపుల్లలా కదలక మెదలక ఉండే పుల్లపురుగులను కూడా పాతకాలపు పండితులు వీటితోనే ఒక గాట కట్టేశారు. తరవాతివాళ్ళు వచ్చి, ఇవి గెంతవు, పాడవు, వీటి దారి వేరని విడదీశారు. మనుషులు తమలో తాము కలవడానికీ విడిపోవడానికీ పడే తగువులు చాలవన్నట్టు, మిడతల కాపురాలు కూడా నెత్తిన వేసుకున్నారు. అయినా ఆ శ్రద్ధ చూస్తుంటే నవ్వు రాదు. లోకంలో ఒక ప్రాణి ఉందని దాని పేరు పెట్టి పిలవడం చిన్న మర్యాద కాదు.

ఆ పేర్లు కూడా మన తెలుగువాళ్ళ పద్ధతిలోనే ఉంటాయి. ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. కొత్త జాతికి పేరు పెట్టినవాళ్ళు ఆ జాతి పురుగునొకదాన్ని సాక్షిగా నిలబెట్టాలి. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా ఆ ఒక్కదాని దగ్గరికే వచ్చి చూసుకోవాలి. దాన్ని మోసే సూదికి ఎర్ర చీటీ గుచ్చుతారు. అలాంటి ఎర్ర చీటీ నాకు దక్కింది. అది ఎలా దక్కిందో చెబుతాను.

పుల్లపురుగును పట్టడానికి వల పనికిరాదు. గొడుగు తిరగేసి పొద కింద పట్టుకోవాలి, కొమ్మను కర్రతో తట్టాలి. రాలినవాటిలో పుల్లలెన్నో, పురుగులెన్నో చూసుకోవాలి. అనంతగిరి కాఫీ తోటల్లో మాస్టారు కర్రతో తడుతుంటే గొడుగు పట్టింది ఆయన భార్య నీలవేణి. సన్నగా జల్లు పడుతోంది. చేతిలో గొడుగు ఉండి కూడా ఆమె తడుస్తూనే నిలబడింది. ఆ గొడుగులో పడింది నా పురుగు. పచ్చగా, దారమంత సన్నంగా, చిన్న రెక్కలతో ఉన్న మగది. అలాంటిది అంతవరకూ ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంటికొచ్చాక దాన్ని నాకు గుచ్చి, కాళ్ళు సర్ది, ఆరబెట్టి, మాస్టారు భార్యను పిలిచి చూపించారు. దీనికి నీ పేరు పెడుతున్నానన్నారు.

"పురుక్కి నా పేరేటండీ! అందులోనూ మగ పురుక్కి! మా అన్నయ్యలు వింటే నవ్విపోతారు," అందావిడ.

అంటూనే, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నన్ను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. నాకు మనుషుల ముఖాలు చదవడం అంతగా రాదు. కానీ ఆవిడ సంతోషించిందని నాకు తెలిసింది.

కొన్నేళ్ళకు ఆవిడ జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు. మాస్టారు ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా వారానికోసారి కాలేజీకి వచ్చేవారు. ఆయన శిష్యురాలు, అదే విభాగంలో ఇప్పుడు పాఠం చెబుతున్న మజ్జి ఇందుమతి, సొరుగు తీసి నన్ను ఆయన ముందు పెట్టేది. ఆయన భూతద్దంతో కాసేపు చూసి, నమస్కారం పెట్టకపోయినా పెట్టినట్టే తల వంచి, వెళ్ళిపోయేవారు. పేరు నిలిచి ఉంది కదా, ఆ ధైర్యంతోనే ఆయన బతికారని నేను అనుకుంటాను.

ఇందుమతి పుల్లపురుగులను చంపకుండా పెంచి చూసే మనిషి. అనంతగిరి నుంచే గోధుమరంగులో, లావుగా, రెక్కల్లేని ఒక ఆడదాన్ని తెచ్చింది. దానికి ఎప్పుడో నూరేళ్ళ కిందట ఒక విదేశీ పండితుడు పేరు పెట్టాడు. దోమతెర గుడ్డతో పంజరం కట్టి, జామ కొమ్మలు వేసింది. అది ముల్లంగి గింజల్లాంటి గుడ్లు రాల్చింది. పిల్లలు పుట్టి, కుబుసాలు విడిచి పెద్దవయ్యాయి. సగం తల్లిలాగే లావుగా, రెక్కల్లేకుండా ఎదిగాయి. మిగతావి పచ్చగా, దారమంత సన్నంగా, చిన్న రెక్కలతో ఎదిగాయి.

ఆవిడ నన్ను పట్టుకెళ్ళి పంజరం పక్కన పెట్టి పోల్చింది. నమ్మలేక మరోసారి గుడ్ల దగ్గర నుంచి పెంచింది. మళ్ళీ అదే. విదేశీ పండితుడికి దొరికినవన్నీ ఆడవి, మాస్టారికి దొరికింది మగది. ఇద్దరూ చెరో పేరు పెట్టారు. పేర్ల ధర్మంలో ముందు పుట్టిన పేరే చెల్లుతుంది, రెండోది పక్కకు తప్పుకోవాలి. ఇందుమతి ఈ సంగతి రాసి అచ్చు వేసిన నాటి నుంచి నీలవేణి అనే పేరుతో లోకంలో ఏ ప్రాణీ ఉండదు.

ఇందుమతి రాయలేదు. పంజరం మీద నల్ల గుడ్డ కప్పింది. మాస్టారు వచ్చిన రోజుల్లో తెచ్చిపెట్టుకున్న హుషారుతో మాట్లాడేది. ఒకరోజు పొద్దున్నే ఆయన వచ్చేసరికి మాత్రం సొరుగు తియ్యలేదు.

"ఏటమ్మా, నా పురుక్కి చెదలు గానీ పట్టీసిందేటి?" అన్నారాయన.

"లేదు మాస్టారూ. ముందు మీరు కూచోండి," అని నన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, పంజరం మీది గుడ్డ తీసింది.

జామ కొమ్మ మీద లావుపాటి ఆడది ఉంది. దాని వీపు మీద పచ్చటి మగది, తోక వంచి, దానితో జతకట్టి ఉంది. మాస్టారు భూతద్దం తీశారు. మగదాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ మగదాన్ని చూశారు.

"ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలేనా?"

"ఒక్క తల్లి పిల్లలే మాస్టారూ. రెండుసార్లు పెంచి చూసాను."

"తెలిసి ఎన్నాళ్ళయింది?"

"పోయిన వానాకాలం."

"మరి నాతో చెప్పలేదేటమ్మా?"

ఇందుమతి ఏడ్చేసింది. "ఎలా చెప్పమంటారు? రాస్తే అమ్మగారి పేరు పోతాది. మీరున్నన్నాళ్ళూ ఆగుదామనుకున్నాను. ఈ మధ్య మీ మొహం చూళ్ళేకపోతన్నాను."

"అంటే, నేను పోయాక రాస్తావన్నమాట. తప్పు నాది గదా, దిద్దుకోడానికి నన్ను ఉండనియ్యవా?" అన్నారు మాస్టారు. తరవాత నవ్వారు. "పెళ్ళాన్ని ఓ సొరుగులో, మొగుణ్ణి ఇంకో సొరుగులో పెట్టి, ఇన్నేళ్ళూ తాళం వేసీసేనే! మీ అమ్మగారుంటే నా పరువు తీసేది." నవ్వు సగంలోనే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్ను కిటికీ వెలుగులోకి జరిపారు.

"రాసీ అమ్మా," అన్నారు చివరికి. "ఆవిడ వానలో తడిసింది ఈ పురుగేటో తెలియాలని. ఇప్పటికి తెలిసింది. దాచీస్తే ఆవిడికి నేనేటి చెప్పుకోను?"

కొత్త చీటీ ఆయనే రాస్తానన్నారు. ఫలానా పురుగు ఇది అని నిర్ణయించినవాళ్ళ పేరు చీటీ మీద ఉండాలి. విదేశీ పండితుడు పెట్టిన పేరు రాసి, కింద తన పేరు రాసుకున్నారు. భార్య పేరును కొట్టేసింది మరొకరి చెయ్యి కాకూడదని ఆయన అనుకున్నట్టున్నారు. ఇందుమతి నన్ను పైకెత్తి, ఆ చీటీని నా మొనకు గుచ్చింది. ఉక్కుతో చేసినా, ఆ పూట నాకు బరువనిపించింది. తరవాత నన్ను తీసుకెళ్ళి ఆడవాటి సొరుగులో, వాటి పక్కనే గుచ్చారు.

ఆ మరుసటి ఏడాదే మాస్టారు పోయారు. నా సొరుగు మాత్రం ఇప్పటికీ తెరుచుకుంటూనే ఉంది. మా లోకంలో ఒకసారి గుచ్చిన చీటీని తీసెయ్యరు. పేరు చెల్లకపోయినా ఆ పురుగు ఆ పేరుకు సాక్షిగా నిలబడే ఉండాలి. అందుకని నీలవేణి పేరున్న ఎర్ర చీటీ అలాగే ఉంది, దాని కింద ఆయన రాసిన తెల్ల చీటీ ఉంది. విద్యార్థులు వచ్చి వరసగా చీటీలు చదువుతూ నా దగ్గరికొచ్చేసరికి ఆగుతారు. ఒకే పురుగుకు రెండు పేర్లేమిటని తికమకపడి, "మేడమ్, ఈ నీలవేణి ఎవరు?" అని అడుగుతారు. ఇందుమతి సొరుగు మూయకుండా, ఆవిడ సంగతంతా వాళ్ళకు చెబుతుంది. పేరు చెల్లినన్నాళ్ళూ ఆ మాట ఒక్కరూ అడగలేదు.