ఇసుకలో తీసిన గాలి

అగ్గిపుల్ల విరిగిపోయింది. డ్రైవరు గంగులు ఇంకో పుల్ల తీసి చేపల వ్యాను వెనక టైరు వాల్వులో పెట్టి నొక్కాడు. గాలి స్... మంటూ బయటికి వచ్చింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తొమ్మిది నెలలుగా అది అతనికి గాలి చప్పుడులా వినిపించడం లేదు. పళ్ళ సందుల్లోంచి ఊపిరి తీసుకుంటున్న మనిషిలా వినిపిస్తోంది. ఆ మనిషి ఎవరో కూడా అతనికి తెలుసు.

భోగాపురం దాటి సముద్రపు ఒడ్డుకు దిగే వ్యాన్లన్నీ ఈ పనే చేస్తాయి. గట్టి టైరు ఇసుకలో కూరుకుపోతుంది. సగం గాలి తీస్తే పరుచుకుని నడుస్తుంది. పడవల దగ్గర చేపలు ఎక్కించుకున్నాక, పెద్దరోడ్డు కలిసే మొగలో ఉన్న కొట్టులో మళ్ళీ గాలి కొట్టించుకుని విజయనగరం పోవాలి. నాలుగు చక్రాలకు ఇరవై రూపాయలు, ఇరవై నిమిషాలు. ఇరవై రూపాయలకు ఎవరూ ఏడవరు. ఆ ఇరవై నిమిషాల్లో ఐసు కరుగుతుంది, మార్కెట్లో మొదటి బేరం పోతుంది. అందుకని టైరును ఒక్క తన్ను తన్ని, బాగానే ఉందనుకుని పోవడం అక్కడి డ్రైవర్లకు అలవాటు.

"బేగి కానీరా గంగులూ! ఐసు కరిగిపోతాది" అని వ్యాను యజమాని జోగయ్య ముందు సీట్లోంచి అరిచాడు.

గంపలు ఎక్కాయి. వాటి మధ్య చేపలమ్మే ఆడవాళ్ళు ఐదుగురు ఎక్కారు. కూర్మమ్మ ఎక్కలేదు. బోర్లించిన పడవ వెనక, వ్యానుకు కనబడకుండా గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. వ్యాను వెళ్ళిపోయాకనే ఆమె లేవాలి. ఇసుకలో అర మైలు నడిచి పెద్దరోడ్డు మీద బస్సు పట్టుకోవాలి. ఆమె మార్కెట్టుకు చేరేసరికి మంచి బేరగాళ్ళు వెళ్ళిపోతారు, నూట యాభై పలికే చేప ఎనభైకి పోతుంది.

ఆమె మొగుడు సముద్రంలో పోయి మూడేళ్ళు. కిందటి వేసవిలో ఒకరోజు వ్యాను కదులుతుంటే, చెల్లెలు బుల్లమ్మ మరిచిపోయిన కత్తిపీట అందిద్దామని కూర్మమ్మ ఎదురు పరుగెత్తింది. బుల్లమ్మ వంగి అందుకుని నవ్వింది. అరగంట తర్వాత రోడ్డు మీద వెనక టైరు పేలి వ్యాను పల్టీ కొట్టింది. మిగతా అందరూ బతికారు, బుల్లమ్మ పళ్ళ సందుల్లోంచి ఊపిరి తీసుకుంటూ గంగులు కళ్ళముందే పోయింది.

కారణం వెతకడానికి ఊరు పెద్దగా కష్టపడలేదు. విధవ ఎదురొచ్చింది, ఇంకేం కావాలి? జోగయ్య కొత్త టైరు వేయించి, గుమ్మడికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కూర్మమ్మను బండి దరిదాపులకు రావద్దన్నాడు. మొగుడు పోయినదానికి ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. దారుణమేమిటంటే ఆమె కూడా నమ్మింది. "నానే ఎదురొచ్చీసి నా సెల్లిని సంపీసినాను" అని పెద్దకర్మనాడు ఆమె నేలకు తల కొట్టుకుంటుంటే గంగులు పందిట్లో నిలబడి విన్నాడు.

అతనికి తెలుసు. ఆ రోజు గాలికొట్టు దగ్గర లారీ అడ్డంగా ఉంది. పోనిమ్మన్నది జోగయ్య, పోనిచ్చింది తను. సగం గాలితో, ఎండలో, అంత బరువుతో పరుగెత్తిన టైరు వేడెక్కి పేలింది. అంతే. చెబితే రోజుకు మూడు వందల పని పోతుంది, జైలు కూడా పడుతుంది. నోరు మూసుకున్నాడు. పిరికివాడు, ఒక మనిషిని బతికుండగా పాతిపెట్టాడు.

వ్యాను ఇసుక దాటి మొగలోకి వచ్చింది. కొట్టు ముందు ఇవాళ మళ్ళీ లారీ ఉంది. ఈ తొమ్మిది నెలలూ గాలి దగ్గర జోగయ్య భయంతో నోరెత్తలేదు. కానీ భయం కూడా పాతబడుతుంది.

"లారీ ఉన్నాది. వచ్చినప్పుడు కొట్టించుకుందుం, పోనీ" అన్నాడు.

ఆ రోజు అన్నవీ ఈ మాటలే. గంగులు అద్దంలోకి చూశాడు. గంపల మధ్య బుల్లమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోరు. ఇంజను ఆపి తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఏటిరా?"

"గాలి కొట్టిందాకా బండి కదలదు బాబూ."

"తన్ని సూడు, గట్టిగానే ఉన్నాది."

"ఆ దినం కూడా తన్నే సూసినాను." వెనకవాళ్ళకు వినబడాలనే గంగులు గొంతు పెంచాడు. "బుల్లమ్మని సంపింది కూర్మమ్మప్ప ఎదురు రావడం కాదు. ఇసకలో గాలి తీసినాను, ఇక్కడ కొట్టించనేదు. నువ్వొద్దన్నావు, నాను ఊఁ అన్నాను."

వెనక ఆడవాళ్ళు గంపల మీంచి ముందుకు వంగారు. "రేపట్నుంచి పనికి రాకు" అన్నాడు జోగయ్య, మెల్లగా.

కొంతసేపటికి, లారీ ఇంకా కదలకముందే, కూర్మమ్మ గంపతో నడుచుకుంటూ వచ్చింది. ఆగి ఉన్న వ్యాను కనబడగానే అలవాటుగా రోడ్డు పక్క గోతిలోకి దిగి, వీపు తిప్పి నిలబడింది.

"ఒసే కూర్మీ, పైకి రాయే!" అని పిలిచింది వ్యానులో ఆడవాళ్ళందరిలో పెద్దదైన లక్ష్మణమ్మ. "ఈడేటో సెప్తన్నాడు, ఇను."

గంగులు గోతి దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మరీ కష్టమైంది.

"నీకు ఆ దినమే తెల్సా?" అంది కూర్మమ్మ.

"తెల్సప్పా."

"నాను తల కొట్టుకున్నప్పుడు కూడా?"

అతను తల ఊపాడు. ఆమె పైకి వచ్చి, గంప దించి, ఇన్నాళ్ళూ రాకూడదన్న చోటనే, వ్యానుకు ఎదురుగా, దాని రెండు ముందు దీపాల మధ్య నిలబడింది.

లారీ వెళ్ళిపోయింది. కొట్టువాడు గొట్టం లాక్కొచ్చి నాలుగు చక్రాలకూ గాలి కొట్టి, మీటరు చూసి, సరిపోయిందన్నాడు. జోగయ్య కిటికీలోంచి తల బయటపెట్టి "తప్పుకోయే!" అని అరిచాడు.

కూర్మమ్మ తప్పుకోలేదు.