సుంకన్న కోసం పోయిన బండి

నేను ఒక మోటారు సైకిల్‌నని చెప్పుకోవడానికి ఛాసిస్, పెట్రోలు ట్యాంకు, చిరిగిన సీటు మాత్రమే మిగిలాయి. ఇంజన్ విప్పేశారు. చక్రాలు ఎవరి బండికో వెళ్లిపోయాయి. ఛత్తీస్‌గఢ్‌లో కవర్ధా ఊరి బయట ఉన్న ఈ పాత ఇనుము షెడ్డుకు వచ్చేవాళ్లు, నెంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు చూసి, ఇంత దూరం ఎందుకొచ్చిందో అన్నట్టు కాసేపు నిలబడి వెళతారు.

నన్ను మొదట కొన్నది గుత్తిలో ఒక డ్రిల్లు మాస్టారు. ఆయన నన్ను నడిపినదానికంటే తుడిచిందే ఎక్కువ. మబ్బు పట్టిందంటే నన్ను వరండాలోకి ఎక్కించి, తాను తడుచుకుంటూ బడికి నడిచి పోయేవాడు. ఆయన దగ్గర్నుంచి తాడిపత్రి లారీ డ్రైవరు సుంకన్న చేతికి వచ్చాను. భారీ మనిషి. ఎక్కగానే నా స్ప్రింగులు మూలిగేవి. లోడు మీద పోయినప్పుడల్లా నన్ను తమ్ముడు ఓబులేసుకు వదిలిపోయేవాడు. ఓబులేసుకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. రోజంతా మిషను మోతలో ఉండేవాడు కాబట్టో ఏమో, ఇంట్లో మాట తక్కువ.

రెండేళ్ల కిందట సుంకన్న బండల లోడుతో జబల్‌పూరు బయల్దేరాడు. లారీ మధ్యప్రదేశ్‌లో సివనీ ఊరు దాటాక అడవి పక్కన ఆగి కనిపించింది. తాళం చెవి దానికే ఉంది. టిఫిను డబ్బాలో అన్నం అలాగే ఉంది. మనిషి లేడు. యజమాని వచ్చి లారీని తోలుకుపోయాడు. పోలీసులు కాగితం రాసుకున్నారు.

మొన్న వేసవిలో జబల్‌పూరులో దిక్కులేనివాళ్లను చూసే ఆశ్రమం నుంచి, పోలీసుల ద్వారా, ఫోనుకు ఫోటో ఒకటి వచ్చింది. గడ్డం పెరిగిన మనిషి, వాచిన మొహం. పేరు చెప్పడట. సుంకన్న భార్య గంగులమ్మ ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, "ఆయప్పే" అంది. ఓబులేసు నన్ను బయటికి తీసి తుడవసాగాడు.

"రైల్లో పో అబ్బీ. అంత దూరం ఒక్కడివే బండి మీద యాడ పోతావు?"

"రైలు దాబాల కాడ నిలబడదు గదా వదినా."

అలా బయల్దేరాం. కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు, నాగపూరు. లారీలు ఆగే ప్రతిచోటా ఓబులేసు దిగి అన్న ఫోటో చూపించేవాడు. అతనికొచ్చిన హిందీ ఒక్క వాక్యం, ఈ మనిషిని చూశారా అని. మనుషులు చిత్రమైనవాళ్లు. లేదని చెప్పడానికి కూడా ఫోటోను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, కాసేపు చూసి మర్యాదగా తిరిగిస్తారు. ఆ కాసేపు ఓబులేసు ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. మూడో రోజుకు ఊపిరి బిగబట్టడం మానేశాడు, అడగడం మానలేదు.

లారీ దొరికిన చోట నన్ను ఆపాడు. రోడ్డు దిగి చెట్లలోకి కొంత దూరం నడిచి, "అన్నా" అని పిలిచాడు. ఒక్కసారే. తిరిగొచ్చి హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఆశ్రమంలో ఆ మనిషిని నేనున్న ఆవరణలోకే తీసుకొచ్చారు. నడక చూడగానే ఓబులేసుకు తెలిసిపోయింది. అయినా దగ్గరికెళ్లి గడ్డం పైకెత్తి చూశాడు, చెవుల వెనక చూశాడు. కాదు. ఆ మనిషి మాత్రం నేరుగా వచ్చి నా వెనక సీటు మీద కూర్చున్నాడు. ఎవరు చెప్పినా దిగలేదు. ముందు ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తూ, ఇంకా బయల్దేరవేమన్నట్టు ఓపిగ్గా కూర్చున్నాడు. సీటును పట్టుకున్న వేళ్లను ఇద్దరు ఆయాలు విడదీసి దించాల్సి వచ్చింది. వాడు కూడా ఎక్కడో ఎవరికో అన్నే అయి ఉంటాడు.

గేటు బయట ఓబులేసు ఫోను చేశాడు. ఆ పాత ఫోనులో అవతలి మాట బయటికే వినిపిస్తుంది.

"ఆయప్ప గాదు వదినా."

"బాగా చూసినావా? చిక్కింటాడు. మొగం మారింటాది."

"చూసినా. గాదు."

గంగులమ్మ, "వచ్చేటప్పుడు ఇంగో దావన రా. ఆ దావలో గూడా అడుగు" అంది.

అందుకే వచ్చిన రోడ్డు వదిలి, మండ్లా మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు మళ్లాం. చిల్పీ ఘాటు ఎక్కుతుంటే నా ఆయిలు అయిపోయి, పిస్టన్ పట్టేసి ఇంజన్ ఆగిపోయింది. ఓబులేసు నన్ను ఆటో ట్రాలీలో కవర్ధా తెచ్చాడు. మెకానిక్ ఇంజన్ తెరిచి చూసి, ఈ బండికి సామాన్లు ఎక్కడా దొరకవని చేతులు తిప్పి చూపాడు. ఓబులేసు గొడవపడలేదు, నన్ను ఈ పాత ఇనుము షెడ్డుకే ఇచ్చేశాడు. షెడ్డు ముందు నా పక్కనే నేల మీద కూర్చుని ఫోను తీశాడు.

"బండి నిలబడిపాయ వదినా. ఈ దావలో గూడా ఎవరూ చూడలేదంట. లారీ పట్టుకోని రాయపూరు దిక్కు పోయి అడుగుతా."

"వద్దు."

"ఒక్క నాల్గు దినాలు."

"వద్దులే అబ్బీ. ఇంగ ఎవర్నీ అడగొద్దు. నువ్వన్నా ఇంటికి రా."

రెండేళ్లుగా తప్పిపోయిన మనిషిగా ఉన్న సుంకన్న, ఆ మధ్యాహ్నం, ఆ మాటతో చనిపోయాడు. శవం లేదు, ఏడ్చేవాళ్లు లేరు. ఓబులేసు ఫోను జేబులో పెట్టుకుని మోకాళ్ల మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. ఇంటికి పోయే రైలు ఎక్కాలన్నా రాయపూరుకే పోవాలి. ఆ బస్సు వచ్చి ఆగింది. అతను లేవలేదు. గంట తర్వాత ఇంకొకటి వచ్చింది. దానికీ లేవలేదు. మూడో బస్సు వచ్చినప్పుడు కండక్టరు దిగి భుజం తట్టి అడిగితే, తల ఊపి ఎక్కాడు.