పరగడుపు

రోజూ పొద్దున ఏఎస్ రావు నగర్‌లోని ల్యాబ్‌లో కూర్చుని, రక్తపరీక్షకు వచ్చినవాళ్లందరినీ నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఏమన్నా తిన్నారా?" తినలేదంటే సూది గుచ్చుతాను. ఆరేళ్లుగా అడిగీ అడిగీ ఆ మాటంటేనే విసుగు పుట్టింది. ఒక నెలంతా మా నాయిన కూడా వారం వారం వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

నాయిన పేరు వెంకటయ్య. మల్లాపూర్‌లోని ఒక కంపెనీలో రేకులు వంచే ప్రెస్ మిషన్ మీద నైట్ షిఫ్టు. కాలి బొటనవేలికి రేకు కోసుకుంది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి పుండు మానలేదు. సర్కారు దవాఖానాలో డాక్టర్ నెల గడువిచ్చాడు. ఆలోగా షుగర్ దిగి పుండు ఎండితే సరే, లేకపోతే వేలు తీసేయాలన్నాడు. రాత్రంతా నిలబడి చేసే పని ఆయనది. బొటనవేలు లేకుండా ఎట్లా నిలబడతాడు?

ల్యాబ్ టెక్నీషియన్‌ను కదా, నాచారంలో మా ఇంట్లో నేనే డాక్టరమ్మనయ్యాను. అమ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. బియ్యమైనా జొన్నలైనా కడుపులోకి పోతే చక్కెరే అవుతాయి, కాకపోతే జొన్నలు నిదానంగా అవుతాయి, బియ్యం ఉరుకుతుంది. పుండు మానాలంటే పప్పు, గుడ్డు లాంటి బలమైన తిండి కావాలి. ఆకుకూర ఎంతైనా తినొచ్చు. నాయినకు పూటకు రెండు జొన్నరొట్టెలు, మధ్యాహ్నం మాత్రం చిన్న కప్పుతో అన్నం.

"ఆ కప్పు బువ్వ గూడ కుక్కర్ల వద్దమ్మా. గిన్నెల వండి గంజి వంపు. జర పిండన్న పోతది" అన్నాను.

అమ్మ పేరు దానమ్మ, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. రోజంతా మంచాల చుట్టూ తిరిగొచ్చి, మోకాళ్లు పట్టుకుని మళ్లీ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేసేది. ఒక్కనాడు కూడా నాతోని గాదు అనలేదు.

మొదటి వారం షుగర్ మూడువందల పది. రెండో వారం రెండువందల తొంభై. మూడో వారం మళ్లీ మూడువందలు దాటింది.

"ఏమన్నా తిన్నవా నాయినా?"

"ఏం తినలే బిడ్డా. డ్యూటీ దిగి ఇంటికి పోయి, ఆడికెల్లి సీదా ఇటే వచ్చిన. పరగడుపే."

నాకు ఒళ్లు మండింది. కంపెనీలో ఎవరో మిఠాయిలు పెడుతున్నారనుకున్నాను. ఆయన నిద్రపోతుంటే చొక్కా జేబులు వెతికాను. బస్ పాసు, జేబురుమాలు తప్ప ఏమీ దొరకలేదు. కన్నతండ్రి జేబులు వెతుకుతున్నానని సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు.

నాలుగో వారంలో తెలంగాణ బంద్ వచ్చింది. ల్యాబ్ మూసేశారు. దవాఖానాకు బంద్ ఉండదని అమ్మ పొద్దున్నే వండిపెట్టి నడుచుకుంటూ డ్యూటీకి పోయింది. బస్సుల్లేక నాయిన మల్లాపూర్ నుంచి కుంటుకుంటూ వచ్చాడు. కాళ్లు కడుక్కుని, పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్న చెంబు ఎత్తి గటగటా తాగాడు.

"ఏంది నాయినా అది?"

"గంజి. ఇంట్ల అందరి బువ్వది వంపి మీ అమ్మ రోజు ఉప్పేసి పెట్టిపోతది. మాపటికి ఇంకింత తాగి డ్యూటీకి పోత."

"మరి నాకు పరగడుపని చెప్పినవ్!"

"గంజి తాగితే తిన్నట్టా బిడ్డా? నీళ్లే గద. బువ్వ బందు వెట్టినం గద."

తల పట్టుకుని కూర్చున్నాను. పిండి తీసేయమన్నది నేనే. తీసిన పిండిని ఏం చేయాలో చెప్పలేదు. నీళ్లలో కలిసిన ఆ పిండి అన్నం కన్నా తొందరగా రక్తంలో చక్కెరవుతుందని చెప్పలేదు. పారబోయమ్మా అన్న ఒక్క మాట నా నోట రాలేదు, గంజి పారబోసే ఇల్లు కాదు మాది. తప్పు నాదని తెలిసి కూడా ఆయన మీదే అరిచాను.

నాయిన అంతా విన్నాడు. "రెండు రొట్టెలు తిని పోతే, రాత్రి పదకొండు గాకముందే కడుపు నకనకలాడుతది బిడ్డా. ఎంత తినాల్నో చెప్పినవ్. ఆకలైతుందా అని అడగలే" అన్నాడు. అందులో కోపం లేదు, ఉన్నమాట అన్నాడంతే. నాకు ఏడుపొచ్చింది. నాయిన చెంబు కడిగి బోర్లించి, "మీ అమ్మకు చెప్పకు. ఆమె చేతితోని పోసింది" అన్నాడు.

గిన్నెలో వండితే గ్యాస్ ఎక్కువ కాలుతుందని అమ్మకు అబద్ధం చెప్పి మళ్లీ కుక్కర్ తీయించాను. ఉడికించిన శనగలు, గుడ్లు, గిన్నెడు పాలకూర పప్పు నాయిన టిఫిన్‌లో నేనే సర్దాను. వారంలో షుగర్ నూట అరవైకి దిగింది. వేలు అప్పటికే నల్లబడింది.

దవాఖానాలో డాక్టర్ కట్టు విప్పి చూసి మండిపడ్డాడు. "నెల రోజులు పథ్యం చేయమంటే ఏం తిన్నావయ్యా?"

అమ్మ ముందుకొచ్చింది. "రొట్టెలే పెట్టిన సార్. బువ్వ గింతనే. గంజి గూడ వంపి..."

నాయిన ఆమె మాట పూర్తికానివ్వలేదు. "లడ్డూలు తిన్న సార్. కంపెనీ ముంగట దొంగతనంగ కొనుక్క తిన్న. ఇంట్లోల్ల తప్పేం లేదు."

నాయినకు తీపి పడదు. పెళ్లిళ్లలో కూడా తన విస్తట్లో మిఠాయి నాకు పెట్టేసేవాడు. అమ్మ బిత్తరపోయి చూసింది. తర్వాత, మోకాళ్లు గుంజుతున్నా రొట్టెలు చేసిపెడితే లడ్డూలు తింటావా అని అందరి ముందూ ఏడుస్తూ తిట్టింది. అటు డాక్టరూ తిడుతున్నాడు. నాయిన ఇద్దరికీ తలూపుతూ కూర్చున్నాడు. పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు.