ఎవరూ అడగని నాలుగో సెమిస్టర్

సిరిసిల్ల బస్టాండుకు కొంత దూరంలో, కింద బట్టల దుకాణమూ పైన ఆడపిల్లల హాస్టలూ ఉన్న ఒక మేడ ఉంది. ఒక గురువారం సాయంత్రం ఆ మేడమీది గదిలో నలుగురు ఇంజినీరింగ్ విద్యార్థినులు ఫోన్లలో తలలు దూర్చి కూర్చున్నారు. ముగ్గురు ఒక కంపెనీ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు నింపుతున్నారు. నాలుగో అమ్మాయి సృజన ఆ మూడింటినీ దిద్దుతోంది. తనది మాత్రం నింపడం లేదు.

"'ఐ యామ్ వెరీ హార్డ్ వర్కర్' అని రాస్తరానె? గది తీసెయ్. నువ్వు ఏం కష్టపడ్డవో అది రాయి," అంది సృజన.

"ఏం కష్టపడ్డనే నేను? మూడేండ్లు ఈ హాస్టల్ సాంబారు తిన్న. గదే నా కష్టం," అంది కళ్యాణి. అందరూ నవ్వారు.

"గది రాస్తే ఫస్ట్ నిన్నే తీసుకుంటరు."

"మరి నువ్వు పెడ్తలేవా?" అంది కళ్యాణి.

"నా గ్రేడు ఆరు పాయింట్ మూడు. ఏడుకు తగ్గొద్దని నోటీసుల రాసిన్రు గద. చదువస్తది గద నీకు?"

"పెడ్తె ఏం పోతదే?"

"పోయేదేం లేదు. అచ్చేది గూడ లేదు."

"ఊరందరికి రాసిచ్చుడు తెలుసు, తనది రాసుకునుడు తెల్వదు మా కలెక్టర్ మేడంకు," అని ఇంకో అమ్మాయి వెక్కిరించింది. మళ్ళీ నవ్వులు. సృజన కూడా నవ్వింది.

ఈ దృశ్యంలో తప్పు పట్టవలసినదేదీ పైకి కనిపించదు. స్నేహం కనిపిస్తుంది, యౌవనం కనిపిస్తుంది. కానీ చదువుకున్న సమాజం సిగ్గుపడవలసిన విషయం ఒకటి ఆ గదిలోనే ఉంది. ఆ నోటీసు హైదరాబాదులో ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీది. వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసినవారినే ఆ కంపెనీ తరువాత ఉద్యోగంలోకి తీసుకుంటుందని కాలేజీలో అందరికీ తెలుసు. సృజన ఇంటికి మస్కట్ నుంచి తండ్రి పంపే డబ్బు రావడం ఆగిపోయి ఏడాది దాటింది. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. ఆ ఉద్యోగం ఎవరికన్నా ఆ పిల్లకే ఎక్కువ అవసరం. ఆమెను ఎవరూ కాదనలేదు. ఆమే తనను కాదనుకుంది.

'కలెక్టర్ మేడం' అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నాలుగో సెమిస్టర్‌లో సృజన ప్రతి సోమవారం జగిత్యాల కలెక్టరాఫీసుకు వెళ్ళేది. వెళ్తోందని హాస్టలుకంతా తెలుసు. ఎందుకు వెళ్తోందని అడిగినవాళ్ళు లేరు. పేరు పెట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆమె తండ్రి ఎల్లేశం కోరుట్ల ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి మస్కట్ వెళ్ళిన తాపీ కూలీ. అక్కడి యజమాని జీతాలు ఆపేశాడు. ఎల్లేశం ఆ పని వదిలి, పత్రాలు లేకుండానే బయట కూలికి పోయాడు. అలాంటివాణ్ణి అక్కడి మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయిన మనిషి ఏ లెక్కలోనూ ఉండడు. కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి. తరువాత రాలేదు.

ఆచూకీ తీయమని అర్జీ ఎవరివ్వాలి? బీడీలు అప్పజెప్పని రోజు తల్లి సత్యవ్వకు కూలి లేదు. అన్నదమ్ములు లేరు. అందుకని ఇరవై ఏళ్ళు నిండని సృజన ఆదివారం బస్సెక్కి బుగ్గారం దగ్గరి తన ఊరికి వచ్చి, సోమవారం పొద్దున్నే జగిత్యాల పోయి ప్రజావాణి వరుసలో నిలబడేది. అర్జీలు తీసుకునేది సోమవారమే. కాలేజీలో ల్యాబు కూడా సోమవారమే. గల్ఫ్ నుంచి రావలసిన కొడుకు శవం కోసం వచ్చిన ముసలివాళ్ళు ఆ వరుసలో ఆమె పక్కన నిలబడేవారు. వాళ్ళ అర్జీలూ ఆమే రాసిపెట్టేది. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏం కావాలి: ఈ మూడే రాయాలనీ, ఏడుపు రాయకూడదనీ ఆ వరుసలోనే నేర్చుకుంది. ఆ విద్యకు విశ్వవిద్యాలయం మార్కులు వేయదు. హాజరు తగ్గిందని, రెండు సబ్జెక్టులు పోయాయని మాత్రం నమోదు చేసింది. తరువాత ఆమె ఆ రెండూ రాసి గట్టెక్కింది. కానీ మొత్తం ఏడుకు కిందికి జారింది, మళ్ళీ ఎక్కలేదు.

చివరికి ఎల్లేశం బతికే ఉన్నాడని, అక్కడి జైలులో ఉన్నాడని కబురు వచ్చింది. ఆ కబురు విని సత్యవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది, సంతోషంతో. పరీక్ష పోయిందని సృజన ఆ రోజు చెప్పలేదు. తరువాత చెప్పడానికి సందర్భం దొరకలేదు.

ఆ శనివారం ఆమె ఇంటికి వచ్చేసరికి సత్యవ్వ గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టిన బీడీలను, వాటిని లెక్కచూసి తీసుకునే టేకేదారు కోసం కట్టలు కట్టే ముందు ఒక్కొక్కటీ చూసి, కొన్నింటిని పక్కనున్న డబ్బాలో పడేస్తోంది.

"గవెందుకు తీసేస్తున్నవమ్మా?"

"పొట్టిగైనయి బిడ్డా. టేకేదారు తీసేస్తడు."

"ఆయన తీసేస్తే తీసేస్తడు. నువ్వెందుకు తీసుడు?"

"నీకేం తెలుసు, అందరి ముందట చాటల చెయ్యి వెట్టి ఇసిరికొడ్తడు. 'ఏం సత్యవ్వా, నీ కండ్లు గూడ మస్కట్ వోయినయా' అంటడు. గా మాట వడే బదులు నేనే తీసేస్త."

"నువ్వు తీసేసుకుంట పోతె ఆయన తీసుడు బంద్ చేసిండా మరి?"

సత్యవ్వ చేయి ఆగింది. "ఎందుకు బంద్ చేస్తడు? ఆయన తీసేటియి ఆయన తీస్తనే ఉంటడు."

సృజన డబ్బాలోంచి ఒక బీడీ తీసి చాటలోని దాని పక్కన పెట్టింది. రెండూ సమానంగా ఉన్నాయి. ఇంకొకటి తీసింది. అదీ సమానమే.

"మంచిగనే ఉన్నయి గదనే!"

"ఉంటయి కొన్ని," అంది సత్యవ్వ తలెత్తకుండా. "భయానికి జర ఎక్కువనే తీస్త."

టేకేదారు చేసేది అన్యాయమని ఆ ఊళ్ళో ప్రతి బీడీ కార్మికురాలికీ తెలుసు. కానీ అతను చేయవలసిన అన్యాయంలో సగం తామే, అతనికంటే కఠినంగా, కూలి లేకుండా చేసిపెడుతున్నామని వాళ్ళకు తట్టదు. పదిమందిలో పడే మాటకు జంకి, ఒంటరిగా కూర్చుని తమ కష్టాన్ని తామే డబ్బాలో వేస్తారు. సృజన ఆ డబ్బాను చాలాసేపు చూసింది. నలుగురిలో ఆరు పాయింట్ మూడు అని చెప్పి నవ్వేసిన తన నవ్వు ఆమెకు గుర్తొచ్చింది. అది ధైర్యమని అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆదివారం ఆమె తన దరఖాస్తు తెరిచింది. మార్కుల గడిలో ఆరు పాయింట్ మూడు వేయగానే గడి ఎర్రబడింది. పంపే బటన్ కదలలేదు. ఏడు అని వేస్తే కదులుతుంది. ఆమె వేయలేదు. నోటీసు అడుగున సందేహాలకని ఇచ్చిన చిరునామాకు నేరుగా రాసింది. మిగిలిన సెమిస్టర్లలో వచ్చినవి, నాలుగో సెమిస్టర్‌లో వచ్చినవి రాసింది. ఆ సెమిస్టర్‌లో తప్పిపోయిన తండ్రి కోసం ప్రతి సోమవారం అర్జీ ఇవ్వడానికి వెళ్ళానని ఒకే వాక్యంలో రాసింది. మార్కులు మారవని తెలుసుననీ, పని ఇచ్చి చూడమనీ ముగించింది. ఏడుపు రాయలేదు.

కళ్యాణికి పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. సృజనకు ఏమీ రాలేదు. తాను రాసిన సంగతి ఆమె గదిలో చెప్పలేదు. కళ్యాణి కొత్త చుడీదారుకు ఇస్త్రీ చేసుకుంటుంటే దుప్పట్టా మడిచి ఇచ్చింది.

మరునాడు కాలేజీ మెట్ల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. మాట్లాడుతున్నది కళావతి, ఆ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌లు చూసే అధికారి.

"మా నోటీసు పూర్తిగా చదివావా అమ్మా?"

"చదివిన మేడం. ఏడు అడిగిన్రు. నాది ఆరు పాయింట్ మూడు."

"మరి ఎందుకు రాశావు?"

"కాదనేదేదో మీ నోటితోనే విందామని మేడం."

అవతల చిన్న నవ్వు వినిపించి ఆగిపోయింది. "ప్రతి సోమవారం వెళ్ళానని రాశావు. నీకు తోడు ఎవరు వచ్చేవారు?"

సృజన మెట్ల మీద కూర్చుండిపోయింది. తండ్రి తప్పిపోయిన నాటి నుంచి ఆమెను ఎందరో ఎన్నో అడిగారు. పాస్‌పోర్టు నకలు అడిగారు, హాజరు ఎందుకు తగ్గిందని గద్దించారు, మార్కులు అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"ఎవ్వలు రాలె మేడం."

"నాన్న దొరికారా?"

"దొరికిండు. జైల్ల ఉన్నడు. ఇంకా ఇడిశిపెట్టలె."

కళావతి నిదానంగా అంది: "చూడమ్మా, నీ కష్టం విని నిన్ను తీసుకుంటే అది నీకు అవమానం. మార్కు చూసి తోసేస్తే అది మాకు అవమానం. బుధవారం అందరితోపాటు వచ్చి పని చేసి చూపించు."

బుధవారం సృజన వెళ్ళింది. కళ్యాణి పక్కనే కూర్చుని, ఇచ్చిన పని చేసింది. ఎంపికైన వారిలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఈ కథ ఇక్కడ ముగిస్తే చదివినవారికి హాయిగా ఉంటుంది. కానీ హాయి కలిగించడానికి రాసింది కాదిది.

వెళ్ళే ముందు సృజన కళావతి గదిలోకి వచ్చి నిలబడింది.

"మేడం, గా ఏడు ఎవరు పెట్టిన్రు?"

కళావతి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నీ ఉత్తరం వచ్చిన రోజు నేనూ అదే అడిగాను ఆఫీసులో. ఎవరికీ తెలియదు. దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. అన్నీ చదివే ఓపిక లేక ఎవరో ఎప్పుడో ఒక అంకె పెట్టారు. మా బద్ధకానికి పెట్టుకున్న అంకెను మేం ప్రమాణం అని పిలుస్తున్నాం. ఆ అంకెకు కింద ఉన్నవాళ్ళలో చదవనివాళ్ళెవరో, చదువుకునే వీలు లేనివాళ్ళెవరో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఈసారి నుంచి ఆ గడి తీసేయమని రాస్తున్నాను. తీస్తారో లేదో నా చేతిలో లేదు."

"నా లెక్క రాసినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా మేడం?"

"లేరు. నువ్వొక్కదానివే."

సృజనకు గర్వం కలగలేదు. ల్యాబులో తన వెనక బల్ల మీద కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు. రాత్రిళ్ళు మరమగ్గాల సాంచాలు నడిపి పొద్దున కళ్ళు ఎర్రగా వచ్చే కుమార్. తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి పోతే తమ్ముళ్ళకు వండిపెట్టి వచ్చే రేణుక. ఇద్దరూ ఏడుకు లోపలివాళ్ళే. ఆ నోటీసు వాళ్ళ ఫోన్లకూ వచ్చింది. వాళ్ళు రాయలేదు కాబట్టి ఈ ఆఫీసు లెక్కలో వాళ్ళు లేనట్టే. లేనివాళ్ళ గురించి ఇక్కడ ఎవరూ బాధపడరు.

"నువ్వు వెళ్ళి మీవాళ్ళకు ఒక మాట చెప్పమ్మా," అంది కళావతి ఆమె మనసు కనిపెట్టినట్టు. "హద్దు గీసేవాళ్ళు ఆ హద్దుకు అవతల ఎవరున్నారో అడిగి తెలుసుకోకపోతే అది వాళ్ళ నేరం, దానికి వాళ్ళే జవాబు చెప్పాలి. కానీ కాదనే పని వాళ్ళది. వాళ్ళకు ఆ శ్రమ లేకుండా మీ పేర్లు మీరే కొట్టేసుకునే పని మాత్రం మీకెవరూ అప్పజెప్పలేదు."