కరెంటు పోయేలోగా

మళ్లీ ఆగిపోయింది, పెళ్లికూతురు తాళి కోసం తల వంచింది వంచినట్టే ఉండగా తెర నల్లబడింది, కంప్యూటరు పెట్టెలోంచి కీ కీ మని అదే కూత, దీని నోరు పడిపోను, ఎక్కడ తప్పు చేశాను, పుస్తకంలో రాసినట్టే చేశాను కదా, ప్రాసెసర్ వేగం ఒక్కసారిగా పెంచకు, ఒక మెట్టు పెంచు, కాసేపు పని చేయించి చూడు, వేడెక్కకపోతేనే ఇంకో మెట్టు, రెండు మెట్లు బుద్ధిగా ఎక్కింది, మూడో మెట్టుకొచ్చేసరికి ఈ ఏడుపు, కానీ మూడో మెట్టు ఎక్కకపోతే ఎలా, మా ఊరికి కరెంటు మధ్యాహ్నం దాకానే, ఈ పెళ్లి క్యాసెట్టు సీడీగా మారాలంటే మామూలు వేగంతో సాయంత్రం అవుతుంది, సగంలో కరెంటు పోతే మళ్లీ గణపతి పూజ నుంచి మొదలుపెట్టాలి, నిన్న అదే జరిగింది, మొన్నా అదే, కళ్యాణదుర్గం స్టూడియో హనుమంతరాయుడు క్యాసెట్టు ఇస్తూనే చెప్పాడు, ఇదొక్కటి మూడు దినాల్లో ఇయ్యమ్మా అశ్వినీ, ఈ ఎండాకాలం పెండ్లిండ్లన్నీ నీకే ఇస్తా, కాలేదంటే అనంతపురంలో చేపిచ్చుకుంటా, నాకేం అని, ఆ పెళ్లిళ్లన్నీ నాకే వస్తే అమ్మ కరువు పనికి పోనక్కర్లేదు, ఎండిన కుంటలో మట్టి తవ్వి తట్టలు మోయనక్కర్లేదు, అందుకే ఈ పెట్టె, బెంగళూరు నుంచి ఒక్కో ముక్క తెప్పించుకుని నా చేతులతో బిగించుకున్న పెట్టె.

పక్క రేకు ఊడదీశాను, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను, కిటికీకి తడి గోనెసంచి కట్టాను, అది తడిపిన కాసేపటికే అప్పడంలా ఎండిపోయింది, నెత్తిన బండల మిద్దె, బయట మే నెల, ఫ్యాను పొయ్యి ఊదినట్టు ఊదుతోంది, ఇంక దీన్నని ఏం లాభం, ఆన్ చేస్తూనే మీట నొక్కి సెట్టింగులుండే నీలం తెరలోకి పోయాను, వేగం మార్చేది ఇక్కడే, దాని కిందే ఇంకో వరుస ఉంది, ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేసిన వరుస, వేడి హద్దు దాటితే కూత పెట్టి ఆపెయ్యాలా అని, ఇప్పుడు ఆపెయ్యమని ఉంది, వద్దని మారిస్తే కూత ఉండదు, ఆగడం ఉండదు, పెళ్లి అయిపోతుంది, పుస్తకంలో దీన్ని ముట్టుకోవద్దని ఉంది, పుస్తకం రాసినాయన మా ఊళ్లో ఉండి చూడాలి, ఒక్క పూటే కదా, ఇది అయిపోగానే మళ్లీ మార్చేస్తాను, ఒక్క పూటకి ఏం కాదులే, ఈ మాట ఎక్కడ విన్నాను, ఏం కాదులే పాపా, ఒగ పూటకి ఏం కాదు.

నాయన. బోరు దగ్గర స్టార్టరు పెట్టె తెరిచి, వేపపుల్ల పళ్లతో చీల్చుకుంటూ, ఓల్టేజి లేక స్టార్టరు ఊరికూరికే పడిపోతాండాది పాపా, ఈ పుల్ల ఇరికిచ్చినామంటే ఇంగ పడదు, అని నవ్వాడు, ఊరంతా చేసే పనే, ఓబుళేసు తోటలోనూ పుల్లే, తిప్పయ్య చేలోనూ పుల్లే, చెనిక్కాయ చేను వాడుతోంటే మోటారు మాటిమాటికీ ఆగడం ఎవరు ఓర్చుకుంటారు, నిజంగానే ఆ రోజు ఆగలేదు, నీళ్లు తగ్గినా ఆగలేదు, కాలిన వాసన వచ్చినా ఆగలేదు, పుల్ల పీకేద్దామని నాయన తడి కాలవలోంచి అలాగే పోయి పెట్టె మీద చెయ్యి వేశాడు, నేను గట్టు మీద సద్దిమూట పట్టుకుని నిలబడి ఉన్నాను, పిలిస్తే పలకలేదు, బయ్యన్నా బయ్యన్నా అని నాయన పేరు పట్టుకుని పక్క చేలోంచి ఎవరో అరుస్తున్నారు, ఆ తర్వాత కరెంటాఫీసు వాళ్లు వచ్చి చూసి, అది పడిపోయేది మిమ్మల్ని కాపాడేకే కదప్పా, దాని చెయ్యి పట్టుకున్యట్ల పుల్ల పెడితే యాడ ఆగుతాది, అన్నారు, వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో, ఇప్పటికీ ఉంది.

వద్దు, మార్చను, పెళ్లి పోతే పోనీ, హనుమంతరాయుడు అనంతపురమే పోనీ, మెట్టు దించేశాను, కూత పెట్టింది పెట్టెకి పొగరెక్కి కాదు, కాలిపోతున్నాను ఆపు అని చెప్పడానికి, చెప్పగలిగిన వాళ్లు నయం, అమ్మ చెప్పదు, చెప్పదా, పొద్దున చెప్పింది కదా, వాకిట్లో తట్ట పక్కన కూలబడి, వొళ్లు కాలిపోతాండాది పాపా, లేసేకి కావడం లేదు అంది, నేనేం చేశాను, డబ్బాలోంచి జ్వరం మాత్ర తీసి ఇచ్చాను, కాసేపటికి చెమట పట్టింది, నుదురు చల్లబడింది, చూడు తగ్గిపోయ, ఈ పొద్దు పనికి పోకపోతే పేరు కొట్టేస్తారంట, అని లేచింది, పక్కింటి పెద్దక్క గడప దగ్గర నిలబడి, ఏమే ఓబులమ్మా, మొగం అట్ల పీక్కపోయిండాది, ఈ పొద్దు పండుకోరాదా, అంటే నేనే అడ్డం పడ్డాను, ఏం కాదులే పెద్దక్కా, మాత్ర ఏసినా కదా, ఒగ పూటకి ఏమైతాది అని, నేనే అన్నాను, అప్పటికే కరెంటు వచ్చేసింది, నా కళ్లు ఈ పెట్టె మీదే ఉన్నాయి, అమ్మ త్వరగా కదిలితే బాగుండునని నిజంగా అనిపించింది.

చెప్పులు ఎక్కడ, ఉండనీ, కుంట దాకా చెట్టు లేదు, నీడ లేదు, కాళ్లు కాలుతున్నాయి, వెనక తలుపు వేశానో లేదో, ఆ కనిపించే తలల్లో అమ్మది ఏది, తట్టలు నడుస్తున్నాయి, ఒక చోట మాత్రం నలుగురు గుంపుగా వంగి ఉన్నారు, దేని చుట్టూనో, అమ్మా, అమ్మా, జ్వరం తగ్గలేదమ్మా, నీ ఒంటిని అరవనీకుండా నోరు మూశాను అంతే, పైగా మళ్లీ వస్తే వేసుకో అని ఇంకో మాత్ర నీ కొంగున ముడివేసి మరీ పంపాను, నాయన స్టార్టరులో ఇరికించిన పుల్ల అదే, ఈసారి ఇరికించింది నేను.